విమానంలో వీడియో కాల్: ఎక్కేముందే చూసుకోవాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ నుంచి ఢిల్లీకి రెండు గంటలకు పైగా ప్రయాణం. విమానంలో వైఫై ఉందనగానే చాలామంది ఇంటికి వీడియో కాల్ చేయవచ్చని అనుకుంటారు. అన్నిసార్లూ కుదరదు.

విమానంలో వైఫై చాలావరకు ఉపగ్రహం ద్వారానే అందుతుంది. భూమితోపాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టుండే భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన మాట అక్కడికి ఎక్కి నేలకు దిగి, జవాబు అదే దారిన తిరిగొచ్చేసరికి అర సెకను దాటిపోతుంది. ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడేది అందుకే. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో ఈ ఆలస్యం బాగా తగ్గుతుంది. పైగా, విమానానికి అందే నెట్ సామర్థ్యాన్ని ప్రయాణికులంతా పంచుకోవాలి. మన వీడియోను బయటికి పంపే (అప్‌లోడ్) వైపు దారి మరీ ఇరుకు. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్‌లు ముందే ఆపేయండి.

ఎక్కువమంది చిక్కుకునేది ఓటీపీ దగ్గర. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో బ్యాంకు ఎస్సెమ్మెస్ రాదు, అందుకే వైఫై ప్యాకేజీకి డబ్బు కట్టలేరు. ముందే కొనే వీలుంటే నేలమీదే కొనుక్కోవాలి. పైకెళ్లాక ఎయిర్‌ప్లేన్ మోడ్ అలాగే ఉంచి వైఫై ఒక్కటే ఆన్ చేయాలి. లాగిన్ పేజీ తెరుచుకోకపోతే వీపీఎన్ (నెట్ వాడకాన్ని వేరే సర్వర్ మీదుగా దాచి పంపే యాప్), ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు వెతికే ఫోన్ సెట్టింగ్) ఆపి చూడండి. తరచూ అడ్డుపడేవి అవే.

మన దేశంలో 2018 నాటి నిబంధనలు ఈ సేవకు దారి ఇచ్చాయి. అయినా మాట్లాడే కాల్స్‌ను చాలా విమానయాన సంస్థలు అనుమతించవు. పక్క సీటువారి నిద్ర దృష్ట్యా అది సబబే. సందేశాలు చాలు.

ఏ విమానంలో వైఫై ఉందో, కాల్స్‌కు అనుమతి ఉందో లేదో టికెట్ మీదే ముద్రించాలని సంస్థలను కోరుతున్నాం.

– కొందరు పాఠకులు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం