తెడ్డు పడవలకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

తీరప్రాంత పర్యాటకం గురించి ఎక్కడ చర్చ జరిగినా పెద్ద జెట్టీలు, మోటారు బోట్లు, రిసార్టుల ప్రస్తావనే వస్తోంది తప్ప, కనూ, కయాక్ వంటి తెడ్డు పడవలకు మన కోస్తాలో ఎంత అనువైన నీరుందో పట్టించుకునేవారు కనిపించడం లేదు. తాటి దోనెల మీద కొల్లేరంతా తిరిగిన జనం ఉన్న ప్రాంతంలో ఇది విచిత్రమే.

ఇలాంటి పడవలకు మొదట చెప్పుకోవలసిన చోటు కాకినాడ పక్కనున్న కోరంగి. 1978లో అభయారణ్యంగా ఏర్పడిన ఈ మడ అడవుల్లో సన్నని పాయలు చెట్ల నడుమ మెలికలు తిరుగుతూ సాగుతాయి. అక్కడ మోటారు బోట్లు నడుస్తున్నాయి గాని, ఆ చప్పుడుకు నీటికుక్కలూ లకుముకి పిట్టలూ ముందే తప్పుకుంటాయి. తెడ్డు పడవకు ఆ ఇబ్బంది లేదు. కాకపోతే ఇక్కడ పోటుపాటులు, అంటే సముద్రపు నీరు ఎక్కే, తీసే వేళలు చూసుకుని బయల్దేరాలి. పోటు ఎక్కుతుండగా లోపలికి వెళ్లి, అది నిలిచిన కాసేపటికే తిరుగుముఖం పట్టాలి. జాప్యం చేస్తే నీరు తీసేసి పడవ బురదకు అంటుకుపోతుంది. దిగి నెడదామంటే కాళ్లు కూరుకుపోయే ఒండ్రు, అందులో సూదుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లు. ఆసరాకని పట్టుకున్న కొమ్మ తిల్ల చెట్టుదైతే, దాని పాలు కంట్లో పడి నానా యాతన పడాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక, ఈవేళ అనుకూలించిన సమయం వారం తర్వాత అనుకూలించదు. ఈ లెక్క అక్కడి మత్స్యకారులకు చెప్పనక్కర్లేదు. టికెట్టు కొని వచ్చే పర్యాటకులకే చెప్పేవారు కావాలి.

రెండో చోటు కోనసీమ కాలువలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత విస్తరించిన డెల్టా కాలువలు సాగుకే కాదు, రాకపోకలకూ ఉపయోగపడ్డాయి. నీటిమట్టాన్ని పెంచి తగ్గించి పడవలను దాటించే లాకులు కట్టింది వాటి కోసమే. కొబ్బరి తోటల నీడన, నిదానంగా పారే కాలువలో గంటసేపు తెడ్డు వేయడానికి కేరళ దాకా పోనక్కర్లేదు. కానీ గుర్రపుడెక్కను, ఊళ్లు వదిలే మురుగును, ప్లాస్టిక్‌ను తొలగించకుండా అక్కడికి ఎవరినైనా పిలవడం మర్యాద కాదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తుపాను హెచ్చరికలు లేని రోజుల్లో నడుపుకోవచ్చు. లాకులకూ తూములకూ చేరువలో మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకూడదు.

దిండి దగ్గర గోదావరి వశిష్ఠ పాయ తెరిపిగా ఉంటుంది గాని, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక కొత్తవారికి ఆ నీరు లొంగదు. అంతర్వేది సంగమం వైపు అసలే వద్దు. శీతకాలపు వలస పక్షులున్నంత కాలం పులికాట్‌ను వాటికే వదిలేయడం మంచిది.

2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటక బోటు మునిగిన ఘోర ప్రమాదం తర్వాత పడవ అంటేనే జనం జంకుతున్నారు, అది సహేతుకమే. అయితే వరద గోదావరిలో పెద్ద బోటు వేరు, లోతులేని కాలువలో ఇద్దరు కూర్చునే పడవ వేరు. తమిళనాడులోని పిచ్చావరంలో మడ చెట్ల మధ్య స్థానికులే తెడ్డు వేస్తూ పర్యాటకులను తిప్పుతున్నారు. కోరంగిలోనూ మత్స్యకార యువకులకు శిక్షణ ఇచ్చి, ప్రతి గుంపు వెంట ఒకరిని తప్పనిసరి చేసి, లైఫ్ జాకెట్ లేనిదే పడవ ఎక్కనివ్వకుండా చూస్తే వారికి బతుకుతెరువూ దొరుకుతుంది.

అటవీ, పర్యాటక శాఖలు ముందుగా కోరంగిలో మోటారు బోట్లు రాని ఒక్క పాయను తెడ్డు పడవలకు కేటాయించి, ప్రవేశద్వారం వద్ద ఆ రోజు పోటుపాటుల వేళలను తెలుగులో రాసి పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాకినాడ