మెగ్నీషియం మాత్రలు ఇకమీదట మా షాపులో ఎలా ఇస్తామంటే

కావలి, బిట్రగుంట, జలదంకి, కలిగిరి వైపు నుంచి మా మందుల షాపుకు వచ్చే అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మెగ్నీషియం అమ్మే పద్ధతి మార్చాం. డబ్బా అడగ్గానే తీసి చేతిలో పెట్టం. ముందు మూడు సంగతులు అడుగుతాం: కిడ్నీ ఇబ్బంది ఏమైనా ఉందా, ఇప్పుడు ఏయే మందులు వాడుతున్నారు, గ్యాసుకో మలబద్ధకానికో సిరప్ ఏదైనా తాగుతున్నారా. మీరు చెప్పినదాన్ని బట్టి రోజుకు ఎన్ని మాత్రలు వేసుకోవాలో డబ్బా మీదే పెన్నుతో రాసిస్తాం. కొందరికి అసలు ఇవ్వం, డాక్టరు చీటీ తెమ్మంటాం. దీనివల్ల కౌంటరు దగ్గర కాస్త ఆలస్యమవుతుంది, మాకు అమ్మకం కూడా తగ్గుతుంది. అయినా ఇలాగే చేస్తాం.

నిద్ర పట్టట్లేదనో, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయనో చాలామంది వచ్చి "500ది ఇవ్వండి", "1000ది ఇవ్వండి" అని అడుగుతున్నారు. అసలు చిక్కంతా ఆ అంకెలోనే ఉంది. మాత్రలో మెగ్నీషియం ఎప్పుడూ ఇంకొకదానితో కలిసే ఉంటుంది. డబ్బా ముందు పెద్దక్షరాల్లో వేసేది చాలాసార్లు ఆ రెండూ కలిసిన బరువు. అందులో అసలు మెగ్నీషియం ఎంతన్నది రకాన్ని బట్టి మారిపోతుంది. ఆక్సైడ్‌లో నూటికి 60 పాళ్ళు, హైడ్రాక్సైడ్‌లో 42, సిట్రేట్‌లో సుమారు 16, గ్లైసినేట్‌లో 14, థ్రియోనేట్‌లో 8. కాబట్టి "గ్లైసినేట్ 1000" అన్న మాత్రలో ఉండేది 140 మిల్లీగ్రాములే. "ఆక్సైడ్ 400" అన్నదాంట్లో 240 ఉంటుంది. చిన్న అంకె ఉన్న మాత్రలోనే ఎక్కువ ఉంది చూడండి. ఆక్సైడ్ ఒంటికి పట్టేది తక్కువ, మిగిలినదంతా పేగుల్లోనే ఉండిపోయి మోషన్లు తెస్తుంది.

అందుకే డబ్బా తిప్పి వెనక పట్టీ చదవాలి. అక్కడ రెండు మాటలు వెతకండి: "ఎలిమెంటల్", "సర్వింగ్". ఎలిమెంటల్ అంటే అసలు మెగ్నీషియం ఎంతన్నది. సర్వింగ్ అంటే ఆ లెక్క ఎన్ని మాత్రలకు అన్నది. రెండు మాత్రలు ఒక సర్వింగ్ అయితే మాత్రకు అందులో సగమే. ఇంకొక మెలిక కూడా ఉంది. గ్లైసినేట్ 1000 అని రాసి ఎలిమెంటల్ 220 అని చూపిస్తే, ఉత్త గ్లైసినేట్‌తో ఆ లెక్క రాదు. ఆక్సైడ్ కలిపారన్నమాట. కొన్ని డబ్బాల మీద దాన్నే "బఫర్డ్" అని రాస్తారు. అది మోసం కాదు గానీ, కడుపుకు మెత్తగా ఉంటుందని ఎక్కువ డబ్బు పెట్టి గ్లైసినేట్ కొనేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి. ఎలిమెంటల్ ఎంతో ఎక్కడా రాయని సరుకు మేము ఇక తెప్పించం.

ఇక ఎంత వేసుకోవచ్చు? పెద్దవాళ్ళలో మగవారికి రోజుకు 400 మిల్లీగ్రాములు దాటి, ఆడవారికి 300 దాటి కావాలి. ఇది తిండి, నీళ్ళు అన్నీ కలుపుకుని చెప్పే లెక్క. ఆ మొత్తాన్ని మాత్రలోంచే తీసుకోవాలనుకోవడం పెద్ద పొరపాటు. మాత్రలు, సిరప్‌ల ద్వారా తీసుకునేదానికి విడిగా పై హద్దు ఉంది. అమెరికాలో 1997లో దాన్ని 350గా పెట్టారు, యూరప్‌లో 250. ఈ హద్దుల్లో తిండిలో వచ్చేది కలపరు, ఎందుకంటే కిడ్నీలు బాగున్నవాళ్ళకు తిండి వల్ల మెగ్నీషియం ఎక్కువై ఇబ్బంది రాదు. మేము 250కే కట్టుబడతాం. అంతకు మించి కావాలంటే డాక్టరు రాయాలి.

నిజానికి చాలామందికి అంత కూడా అక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 140 మిల్లీగ్రాములుంటుంది. సజ్జలు, జొన్నల్లోనూ వందకు పైనే. వేరుశనగ, పెసలు, నువ్వులు ఇంకా నయం. పాలిష్ పట్టిన బియ్యంలో మాత్రం వంద గ్రాములకు ఇరవై, ఇరవై అయిదుకు మించదు. మూడు పూటలా తెల్లన్నమే తినే ఇంట్లో తగ్గేది ఇక్కడే. రాత్రికి సంగటో జొన్నరొట్టో చేసుకుంటే సగం మాత్ర పని అదే చేస్తుంది. బోరు నీళ్ళలోనూ మెగ్నీషియం ఉంటుంది, ఆర్వో మిషన్ దాన్ని చాలావరకు తీసేస్తుంది. అలాగని ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో ఆర్వో మానేయమని కాదు, తిండి మార్చుకోమని.

మందుల చీటీ మొత్తం ఎందుకు అడుగుతామో ఒక లెక్కతో చెబుతాం. మోకాళ్ళ నొప్పులకని చాలామంది వాడే కాల్షియం మాత్రల్లో కొన్నింట మెగ్నీషియం హైడ్రాక్సైడ్ 100 ఉంటుంది. అంటే అసలు మెగ్నీషియం 42. రెండు పూటలా వేసుకుంటే 84. కడుపులో మంటకు తాగే సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు హైడ్రాక్సైడ్ 250 ఉందనుకోండి, 10 మిల్లీలీటర్లు తాగితే 208. దాని మీద రాత్రికి ఒక గ్లైసినేట్ మాత్ర, 140. కలిపితే 432. మాత్ర ఒక్కటే వేసుకుంటున్నామని ఆ మనిషి అనుకుంటూ ఉంటారు, హద్దు ఎప్పుడో దాటిపోయింది. ఇలాంటివాళ్ళకు మేము ఆ కొత్త మాత్ర ఇవ్వం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎలిమెంటల్ 100 మిల్లీగ్రాములతో, రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టండి. వారం రోజులు అంతే. మోషన్ మామూలుగా ఉంటే ఉదయం టిఫిన్ తర్వాత ఇంకొక 100 కలపొచ్చు. 200 ఒకేసారి మింగేకన్నా రెండుసార్లుగా వేసుకుంటే ఒంటికి పట్టేది ఎక్కువ, కడుపుకూ హాయి. నీళ్ళ విరేచనాలు మొదలైతే మాత్ర ఎక్కువైందని అర్థం. పేగు పీల్చుకోని మెగ్నీషియం నీళ్ళను లోపలికి లాగుతుంది, అందుకే అలా అవుతుంది. మాత్ర ఆపండి, తగ్గాక సగంతో చూడండి. రోహిణి కార్తె ఎండల్లో పొలం పని చేసేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఒంట్లో నీరు పోతే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. నెలన్నర వాడినా తేడా కనిపించకపోతే ఆపేయండి. ఇంకో డబ్బా కొనొద్దు.

పిక్కలు పట్టేయడం గురించి ఉన్నమాట చెప్పాలి. పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, వయసు మళ్ళినవాళ్ళలో ఆ బాధను మెగ్నీషియం పెద్దగా తగ్గించే అవకాశం లేదు. మాకు ఎక్కువ అమ్ముడయ్యేది ఆ బాధకే. అయినా అరవై దాటినవాళ్ళు అందుకోసమే అడిగితే ఈ మాట చెప్పాకే ఇస్తాం.

ఒంట్లో మెగ్నీషియం నిజంగా తగ్గే అవకాశం ఉన్నది ఎవరికంటే, గ్యాస్ మాత్ర ఏడాదికి మించి రోజూ వేసుకునేవాళ్ళకు, అంటే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి. దీని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు కూడా ఈ కోవలోకే వస్తారు. వీళ్ళు ముందు డాక్టరును అడిగి రక్తపరీక్ష చేయించుకోవాలి. మామూలు అంకె డెసిలీటరుకు సుమారు 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాములు (mg/dL). తక్కువ వస్తే లోటు ఉన్నట్టే. మామూలుగా వస్తే మాత్రం లోటు లేదని గట్టిగా చెప్పలేం, ఒంట్లోని మెగ్నీషియంలో ఒక్క శాతం కూడా ఆ రక్తంలో ఉండదు, ఎక్కువ భాగం ఎముకల్లో, కండరాల్లో ఉంటుంది.

కిడ్నీ విషయంలో మేము బతిమాలినా వినం. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి చేయలేకపోతే అది రక్తంలో పేరుకుంటుంది. రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే చూసుకుని సరిపెట్టుకోకండి. బక్కపలచని ముసలివాళ్ళలో అది 1.2 ఉన్నా కిడ్నీ పని బాగా తగ్గి ఉండొచ్చు. పక్కనే ఈజీఎఫ్‌ఆర్ (eGFR) అని ఉంటుంది, కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె. అది 30 కంటే తక్కువైతే మెగ్నీషియం మాత్రే కాదు, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ కూడా మా దగ్గర దొరకదు. 30కీ 60కీ మధ్య అయితే చీటీ ఉండాలి. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు, బీపీ, షుగరు ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు రిపోర్టు వెంట తెచ్చుకోండి. గర్భిణులకు, పిల్లలకు, హార్ట్ బ్లాక్ (గుండె కొట్టుకునే సంకేతాలకు అడ్డు) ఉందన్నవాళ్ళకు, మయస్తీనియా అనే కండరాల బలహీనత జబ్బు ఉన్నవాళ్ళకు కూడా చీటీ లేకుండా ఇవ్వం.

వేళలు కూడా ముఖ్యం. థైరాయిడ్ మాత్రకూ మెగ్నీషియానికీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి, కాబట్టి అది పరగడుపున, ఇది రాత్రికే, టిఫిన్ తర్వాత వద్దు. జ్వరానికి డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి రాస్తే ఆ కోర్సు అయ్యేదాకా మెగ్నీషియం ఆపేయడమే సుళువు. రెండూ పేగులో అతుక్కుపోయి యాంటీబయాటిక్ ఒంటికి పట్టదు, జ్వరం తగ్గదు, తప్పు మందు మీదికి పోతుంది.

అల్లూరు, ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటలకు చల్లే మెగ్నీషియం క్లోరైడ్ బస్తాలు చాలా ఇళ్ళలో ఉంటాయి. నిమ్మతోటలకు కొట్టే మెగ్నీషియం సల్ఫేట్ కూడా అంతే. "మెగ్నీషియమే కదా, చిటికెడు నీళ్ళలో వేసుకోవచ్చా" అని అడుగుతున్నారు. వద్దండి. అది చెరువుకూ చెట్టుకూ చేసిన సరుకు, మనిషి మింగేందుకు శుద్ధి చేసింది కాదు. పైగా ఆ సల్ఫేట్ 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా దగ్గర దగ్గర, తీసుకుంటే అసలు మెగ్నీషియం 500 దాకా పోతుంది. సిట్రేట్ పొడి అయితే 5 గ్రాములకు 800. చెంచా కొలత ఇంటికో తీరు కాబట్టి పొడి అమ్మడం మానేశాం. మాత్రలే ఉంటాయి.

మెగ్నీషియం వేసుకున్నవాళ్ళకు విపరీతమైన మత్తు, కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం, బీపీ పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం, గుండె నెమ్మదించడం లాంటివి కనిపిస్తే మాకు ఫోన్ చేసి సమయం పోగొట్టుకోకండి. 108కి చేసి ఆసుపత్రికి వెళ్ళండి, డబ్బా కూడా తీసుకెళ్ళండి.

ఇప్పటికే మా దగ్గర కొన్న డబ్బాలు ఇంట్లో ఉంటే తీసుకురండి. వాడుతున్న మిగతా మందుల స్ట్రిప్పులు, ఖాళీవైనా సరే, తెస్తే మొత్తం లెక్క వేసి రాసిస్తాం. దానికి డబ్బులేమీ తీసుకోం. సీలు తీయని డబ్బా మీకు సరిపడదని తేలితే బిల్లుతో ఈ నెలాఖరు లోపు వెనక్కి ఇవ్వొచ్చు. సీలు తీసినవి మాత్రం తీసుకోలేం.