కావేరి తీర యాత్రలో మూసిన తలుపులు చూపించినందుకు ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం.

ఫిబ్రవరి రెండో వారంలో మీ సంస్థ నడిపిన నాలుగు రోజుల కావేరి తీర యాత్రకు నేను, నా భార్య రాజమహేంద్రవరం నుంచి వచ్చాం. ఇద్దరికీ కలిపి 38,000 రూపాయలు ముందే చెల్లించాం. రసీదు, మీరిచ్చిన కార్యక్రమ పత్రం నకళ్లు జతచేస్తున్నాను. బస్సు బాగుంది, డ్రైవరు నెమ్మదస్తుడు, భోజనానికి లోటు లేదు. వాటి మీద నాకు పేచీ లేదు. మేము వేటిని చూడడానికి డబ్బు కట్టామో వాటిని మీరు చూపించలేదు. నా పేచీ అదీ.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. తమిళదేశపు నాయక రాజుల కొలువుల్లో తెలుగు సాహిత్యం వెలిగిన దక్షిణాంధ్ర యుగం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద తంజావూరు అని రాసి, రఘునాథ నాయకుడి కొలువు గురించి, అందులోని కవయిత్రి రామభద్రాంబ గురించి, రఘునాథుడి కొడుకు విజయరాఘవుడి ఆస్థానంలోని కవయిత్రి రంగాజమ్మ గురించి, ఆ సభకు వెళ్లిన పదకర్త క్షేత్రయ్య గురించి పిల్లలకు చెప్పేవాణ్ణి. ఊరు మాత్రం ఒక్కసారీ చూడలేదు. మీ పత్రంలో తంజావూరు బృహదీశ్వరాలయం, సరస్వతీ మహల్ గ్రంథాలయం, కల్లణై ఆనకట్ట, త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువయ్యారు, దారాసురం గుడి అన్నీ ఒకే వరుసలో కనిపించేసరికి, ఇక ఆలస్యం చేయకూడదని బయలుదేరాం.

రెండో రోజు సంగతి చూడండి. పత్రంలో ఉన్నది: ఉదయం 8 గంటలకు బృహదీశ్వరాలయ దర్శనం. జరిగింది: కుంభకోణం హోటలు నుంచి 8 గంటలకు బయలుదేరి, దారిలో ఒక పట్టుచీరల దుకాణం ముందు దిగాం. అక్కడ రెండు గంటల పావు. ఆ దుకాణం మాట మీ పత్రంలో ఎక్కడా లేదు. గుడికి చేరేసరికి మధ్యాహ్నం 12 గంటల 35 నిమిషాలు. గర్భాలయం తలుపులు అప్పుడే మూశారు, మళ్లీ తీసేది సాయంత్రం. తమిళనాడు గుళ్లు మధ్యాహ్నం మూస్తారని నాబోటివాడికి తెలియకపోవచ్చు, ఏటా బస్సులు నడిపే మీకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

చెప్పులు బయట వదిలి, కాలుతున్న రాతి పరుపు మీద అరవై దాటినవాళ్లందరం గంతులు వేస్తూ నడిచాం. ఆ సమయంలో మీ గైడు చేతులెత్తి, ఈ విమానం, అంటే గర్భాలయం మీది శిఖరం, నీడ నేల మీద పడదని చెప్పాడు. ఆ మాట మేము వింటున్నది గుడికి ఉత్తరం పక్కన, చండికేశ్వరుడి చిన్న గుడి దగ్గర, ఆ పడని నీడలోనే నిలబడి కాళ్లు చల్లబరచుకుంటూ! నేను నేల వైపు చూపించాను. అతను నవ్వి, శిఖరం మీద ఉన్నది ఎనభై టన్నుల ఒకే రాయి అని ఇంకో కథ అందుకున్నాడు. అది చాలా రాళ్లు కలిపి పేర్చినదని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు.

గోడల మీద చదవదగినవి అంత ఉండగా ఈ కథలెందుకో నాకు అర్థం కాలేదు. రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేయించిన ఆ గుడి రాళ్ల మీద, అక్కడ నాట్యం చేసిన నాలుగు వందల మంది స్త్రీల పేర్లు, వారు ఏ వీధిలో ఏ వరుసలో ఎన్నో ఇంట్లో ఉండేవారో, ఒక్కొక్కరికి ఎంత వాటా రావాలో చెక్కి ఉంది. వెయ్యేళ్ల కిందటి రాజు ఎవరికి ఏమివ్వాలో నలుగురూ చదువుకునేలా రాయించాడు. మీ పత్రంలో మాత్రం 'కార్యక్రమం మార్పులకు లోబడి ఉంటుంది' అన్న వాక్యం అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలలో ఉంది.

సరస్వతీ మహల్‌లో మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నాయక రాజుల కాలంలో మొదలై, మరాఠా రాజు రెండో శరభోజీ చేతుల్లో పెరిగిన ఆ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు కూడా ఉన్నాయి. ప్రదర్శనశాలలో ఉంచిన ఒక తాళపత్రం ముందు నిలబడి రెండో పంక్తి కూడబలుక్కుంటుండగా మీ గైడు వచ్చి, 'పాత పుస్తకాలకు అంత సమయం ఎందుకు మాస్టారూ, భోజనం చల్లారిపోతుంది' అన్నాడు. భోజనం వేడిగానే ఉంది, ఆ మాట ఒప్పుకుంటాను.

ఆ మధ్యాహ్నమే కల్లణై రద్దు చేశారు. ఎందుకని అడిగితే, 'అది ఆనకట్టే కదండీ, మీ ఊరి దగ్గర ధవళేశ్వరం ఉండనే ఉంది' అని జవాబు. గోదావరి మనిషితో అనవలసిన మాట కాదిది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆ కల్లణైని చూసే, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఎలాగో ఇంగ్లీషు ఇంజనీర్లు నేర్చుకున్నారు. ఆ సంగతి కాటన్ దొర స్వయంగా రాశాడు. ఆయన ముందు పనిచేసింది కావేరి డెల్టాలో, ఆ తరువాతే 1847లో ధవళేశ్వరం పని మొదలుపెట్టాడు. మా జిల్లాలో నీరు పారే ప్రతి కాలువకూ పాఠం అక్కడుంది. దాన్ని చూడడానికే కదా అంత దూరం వచ్చింది!

తిరువయ్యారు గురించి రాయడానికి కష్టంగా ఉంది. నా భార్య చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకుంది. త్యాగరాజస్వామి సమాధి దగ్గర, గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన ఆస్తి ధారపోసి కట్టించిన ఆ మందిరంలో కూర్చుని ఒక్క కీర్తన పాడుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. బస్సు అక్కడికి చేరేసరికి చీకటి పడింది, గేటు వేసి ఉంది. 'బయట నుంచే దండం పెట్టుకోండి' అన్నారు. ఆమె పెట్టుకుంది. పాడలేదు. తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి వెలుగుండగా తీసుకువెళ్లలేకపోయారు మీరు.

దారాసురం ఒక్కటే తనివితీరా చూశాం. అందులో మీ గొప్పేమీ లేదు. సాయంత్రం నాలుగున్నరకు బస్సు టైరు పంక్చరైంది. బాగుచేసేలోపు ఐరావతేశ్వరుడి గుడిలో గంటన్నర దొరికింది. గుర్రాలు లాగుతున్న రాతి రథంలా మలిచిన మండపం, గోడ అడుగున బెత్తెడు ఎత్తు బొమ్మలలో చెక్కిన శివభక్తుల కథలు, తడితే స్వరం పలుకుతాయంటూ ఇప్పుడు ఇనుప జాలీ వేసి కాపాడుతున్న మెట్లు, అన్నీ ఎండ వాలుతుండగా నింపాదిగా చూశాం. తొందరపెట్టేవారు లేరు, గైడు టైరు దగ్గర ఉన్నాడు.

నేను కోరుతున్నది ఎక్కువేమీ కాదు. కల్లణై పూర్తిగా పోయింది, తిరువయ్యారు గేటు దాకానే వచ్చింది. ఈ రెండూ కలిపి ఒక రోజు యాత్రగా లెక్కగట్టి 9,500 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఇకపై గుళ్లకు ఉదయం ఏడింటికో సాయంత్రం నాలుగు తరువాతో చేరేలా వేళలు మార్చండి. దుకాణానికి తీసుకువెళ్లేది ఉంటే ఎన్ని గంటలో పత్రంలోనే ముద్రించండి, వద్దనుకునేవారు వద్దనుకుంటారు. గైడు చేత నీడ కథ మాన్పించండి. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇవే కాగితాలు పంపుతాను.

నా భార్య ఆ దుకాణంలో 6,400 రూపాయలకు చీర కొన్న మాట నిజమే. చీర బాగుందని, దాని మీద ఫిర్యాదు లేదని రాయమంది, రాశాను. వచ్చే చలికాలంలో కల్లణైకి, తిరువయ్యారుకు మేమే సొంతంగా వెళ్తాం. రైలు టికెట్లు ముందుగా తీసుకోవాలి కాబట్టి ఆ డబ్బు త్వరగా పంపండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం.