సాయంత్రం ఏడుపులు, పాల టెన్షన్

అందరికీ, సాయంత్రం బిడ్డ ఏడుస్తుంటే తల్లిపాలు సరిపోవట్లేదేమో అని నిన్న గ్రూపులో ముగ్గురు అడిగారు, అందుకే ఇక్కడ రాస్తున్నా. మొదటి వారాల్లో బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగడం మామూలే. ఐదో రోజు దాటాక రోజుకి కనీసం 6 డైపర్లు తడుస్తూ, బరువు పెరుగుతుంటే పాలు అందుతున్నట్టే. ఏడుపు ఆరో వారం దగ్గర బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. మావాడైతే సరిగ్గా నేను అన్నానికి కూర్చోగానే మొదలెట్టేవాడు! మరీ విసుగొస్తే, బిడ్డని తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి, తప్పేం లేదు. కోపంలో బిడ్డని కుదపడం మాత్రం అస్సలు వద్దు. ఇంకోటి, మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాకా వస్తే గ్రూపులో అడుగుతూ కూర్చోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.