కొలతలు తీసుకోకుండా ఇక కుర్చీ పంపలేం

విశాఖ అక్కయ్యపాలెంలోని మా షాపులో వీల్‌చైర్లు, కమోడ్ కుర్చీలు, ఎయిర్ బెడ్లు కొన్నవాళ్లకీ అద్దెకు తీసుకున్నవాళ్లకీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పద్ధతి మార్చాం. రోజులో ఎక్కువసేపు కూర్చునే ఉండే పెద్దవాళ్ల కోసం కుర్చీ కావాలంటే, ఆ మనిషిని చూసి, కొలతలు తీసుకున్నాకే ఇస్తాం. ఫోన్‌లో ఆర్డర్ తీసుకుని ఆటోలో వేసి పంపేయడం ఆపేశాం.

దీనిమీద కొందరికి కోపం వచ్చింది. "డబ్బులు ముందే వేస్తామంటున్నాం కదా, ఇంకా మీకేంటి ఇబ్బంది?" అని బెంగళూరు నుంచి ఒకాయన గట్టిగానే అడిగారు. ఆయన బాధలో న్యాయం ఉంది. అమ్మ ఇక్కడ మద్దిలపాలెంలో పనిమనిషి సాయంతో ఉంటోంది. కొడుకు అక్కడ అర్ధరాత్రి దాకా ఫోన్‌లో కుర్చీల బొమ్మలు చూస్తూ కూర్చుంటున్నాడు. ఆ తొందర మాకు తెలుసు. అందుకే కారణం దాచకుండా, వివరంగా రాస్తున్నాం.

మామూలు వీల్‌చైర్ సీటు 18 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు ఉంటుంది. ఆస్పత్రిలో ఎవరినైనా ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి తోసుకెళ్లడానికి అది సరిపోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందులోనే ఉండాల్సిన మనిషికి సరిపోదు. బాగా చిక్కిపోయిన అమ్మ తుంటి వెడల్పు 13 అంగుళాలే ఉండొచ్చు. 18 అంగుళాల సీటులో ఆవిడ ఒక పక్కకి ఒరిగిపోతుంది. పక్కన దిండు కుక్కుతాం. కాసేపటికి దిండు జారుతుంది, మనిషి మళ్లీ ఒరుగుతుంది. పొట్టిగా ఉంటే ఇంకో తంటా. సీటు అంచు మోకాలి వెనక పిక్కకి తగులుతుంది కాబట్టి నడుం వెనక్కి ఆనదు. మోకాలు మడవడానికి చోటు కోసం ఒళ్లు తనంతట తనే ముందుకి జరుగుతుంది. ఇంట్లోవాళ్లేమో "ఎంత చెప్పినా సరిగ్గా కూర్చోదు" అని విసుక్కుంటారు. అక్కడ అమ్మ చేస్తున్న తప్పేమీ లేదు, సీటు లోతు ఎక్కువైంది, అంతే.

కంచరపాలెంలో ఒకరింటికి వెళ్లినప్పుడు ఆ ఇంటి అమ్మాయి అంది: "కూకోబెట్టిన అరగంటకే జారిపోతన్నారండీ మా నాన్న. మేవు పైకి లాగడం, ఆయన మళ్లీ జారడం. రోజల్లా ఇదే పని." ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మేం చూసేసరికి చొక్కా పక్కటెముకల దాకా పైకి ఎక్కిపోయి ఉంది. గడ్డం గుండెకి ఆనుకుంది. ఎడమ పాదం ఫుట్‌రెస్ట్ మీద నుంచి జారి నేలకి రాసుకుంటోంది. ఎడమ చెయ్యి చక్రం పక్కన వేలాడుతోంది. జారిపోకుండా పొట్ట చుట్టూ తువ్వాలు వేసి కుర్చీ వెనక ముడి వేశారు.

తువ్వాలు గురించి అందరికీ ఒక మాట. దయచేసి కట్టకండి. కట్టింది తండ్రి మీద ప్రేమతోనే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ మనిషి కిందికి జారితే ఆ తువ్వాలు పొట్ట మీంచి ఛాతీకి, ఛాతీ మీంచి మెడకి వస్తుంది. మాట సరిగ్గా రాని మనిషి ఊపిరాడక పోయినా పక్క గదిలోకి వినబడదు. బెల్టు అవసరమైతే తుంటి ఎముకల కింద, తొడలు మొదలయ్యే చోట, సీటు మూలల నుంచి ఏటవాలుగా రావాలి. అదీ కుర్చీ సరిపోయాకే.

ఇలా జారడంలో కనబడని నష్టం ఇంకోటుంది. ఒళ్లు ముందుకి జరుగుతుంటే చర్మం సీటుకి అతుక్కుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక మాత్రం కదులుతుంది. రెంటి మధ్య కండ నలిగి రక్తం ఆడదు. వెన్నెముక చివర పుండ్లు మొదలవడానికి అదొక పెద్ద కారణం. మన చర్మపు రంగులో ఎరుపు అంత తొందరగా కనబడదు. అందుకని చుట్టుపక్కల కంటే నల్లబడిందా, చెయ్యి పెడితే వేడిగా ఉందా, గట్టిగా లేక మరీ మెత్తగా తగులుతోందా అని చూడండి. రోజూ స్నానం చేయించేటప్పుడు చూస్తే చాలు. వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే ఆ చోట బరువు పడనివ్వకండి, డాక్టరుకి చూపించండి. మధ్యలో బొక్క ఉండే గాలి ట్యూబు కుషన్లు అమ్మడం కూడా మానేశాం. వాటి అంచు చుట్టూ వలయంలా నొక్కి, మధ్యలో చర్మానికి రక్తం తగ్గిస్తుంది. మందుల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి, కొనకండి.

ఇక ఎక్కువమంది అడిగే రిక్లైనర్ సంగతి. సోఫా షాపుల్లో దొరికే రిక్లైనర్‌లో వీపు ఆనే భాగం వెనక్కి వాలుతుంది, కాళ్లు పైకి లేస్తాయి. ఒంట్లో బలం ఉన్నవాళ్లకి హాయిగానే ఉంటుంది. మంచం పట్టిన మనిషికి తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. కాళ్లు చాచి పైకి లేపగానే అవి తుంటిని ముందుకి లాగుతాయి, జారడం మొదలవుతుంది. టిల్ట్ కుర్చీ వేరు. అందులో సీటుకీ వీపు ఆనే భాగానికీ మధ్య కోణం మారకుండా, ఉయ్యాల వెనక్కి ఊగినట్టు మొత్తం కలిసి ఒరుగుతాయి. తుంటి దగ్గర మడత మారదు కాబట్టి మనిషి జారడు. కొద్దిగా ఒరిగితే కూర్చోడానికి నిలకడ వస్తుంది. 30 డిగ్రీల దాకా ఒరిగితే పిరుదుల మీది బరువులో కొంత వీపు మీదకి మారుతుంది. తనంతట తాను కదల్లేని మనిషికి గంటకోసారైనా ఇలా బరువు మార్చాలి. అన్నం పెట్టేటప్పుడు మాత్రం కుర్చీ నిటారుగానే ఉండాలి, తిన్నాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. వెనక్కి ఒరిగి మింగితే ముద్ద గొంతులో అడ్డం పడుతుంది.

టిల్ట్ కుర్చీ మామూలు వీల్‌చైర్ కంటే చాలా రెట్లు ఖరీదు. అది అమ్మితే మాకు మిగిలేదీ ఎక్కువే. అయినా చెప్తున్నాం, అందరికీ అది అక్కర్లేదు. లేచి నాలుగడుగులు వేయగలిగే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) మనిషిని టిల్ట్‌లో పడుకోబెడితే ఉన్న నడక కూడా పోతుంది. వాళ్లకి కావాల్సింది గట్టి సీటు, కొంచెం ఎత్తు, రెండు చేతులూ ఆనించి లేవడానికి బలమైన చేతులున్న కుర్చీ. ఇంట్లో పాత టేకు కుర్చీ ఉంటే మా కార్పెంటరు దానికి కాళ్ల కింద దిమ్మలు బిగించి, సీటు మీద ప్లైవుడ్ పలక వేసి, దానిపైన మంచి ఫోమ్ పెట్టి ఇస్తాడు. చాలా ఇళ్లలో పని అంతటితో అయిపోతుంది. మతిమరుపు జబ్బు ఉన్న కొందరు కుర్చీ వెనక్కి ఒరగ్గానే పడిపోతున్నామని భయపడి కేకలు వేస్తారు. అందుకే ఒక వారం మీ ఇంట్లో వాడి చూడకుండా టిల్ట్ కుర్చీ అమ్మకూడదనుకున్నాం. ట్రయల్ కోసం మా దగ్గర రెండే ఉన్నాయి కాబట్టి వరసలో ఆగాల్సి వస్తుంది. డబ్బు ఎక్కువ ఇస్తామన్నా వరస మార్చం.

డబ్బుకి ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు ప్రభుత్వం వైపు చూడండి. 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకి కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో వాళ్లు క్యాంపులు పెట్టి వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు. అవీ మామూలు సైజులే, కానీ తెచ్చుకుంటే సరైన కుషనూ పక్క ప్యాడ్లూ మేం బిగించగలం. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకి 15,000 రూపాయలు. దానికి సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించేది) కావాలి. మీ సచివాలయంలో అడగండి.

మన ఊరి గాలి గురించి కూడా చెప్పాలి. లాసన్స్ బే, పెదజాలరిపేట వైపు ఇళ్లలో పెయింటు వేసిన ఇనప ఫ్రేములు తొందరగా తుప్పు పడుతున్నాయి. ముందు బోల్టులు, తర్వాత చక్రాల ఇరుసు పట్టేస్తుంది. సముద్రానికి దగ్గరున్నవాళ్లకి స్టెయిన్‌లెస్ స్టీలు గానీ అల్యూమినియం గానీ ఉన్నవే ఇస్తాం, ధర ఎక్కువవుతుంది. రెక్సిన్ తొడుగు మే నెలలో చెమట పట్టించి చర్మాన్ని నానబెడుతుంది. గాలి ఆడే, సాగే గుడ్డ తొడుగులు రెండు తీసుకుని మార్చి మార్చి ఉతకండి. ఇక కరెంటుతో నడిచే కుర్చీలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఇక్కడివాళ్లకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. వెనక్కి ఒరిగిన కుర్చీ అలాగే ఆగిపోతే మనిషిని బయటికి తీయడం కష్టం. అందుకే చేత్తో నొక్కే లీవరు ఉన్నదే మా మొదటి సలహా.

కొలతలకి వచ్చినందుకు ఊళ్లో 500 రూపాయలు తీసుకుంటాం. కుర్చీ కొన్నా అద్దెకి తీసుకున్నా బిల్లులో తగ్గిస్తాం. కుర్చీ అక్కర్లేదని మేమే చెప్తే ఆ 500 వెనక్కి ఇచ్చేస్తాం. మీ దగ్గరికి ఫిజియోథెరపిస్టు వస్తుంటే ఆ టైముకే మమ్మల్ని పిలవండి, ముగ్గురం కలిసి చూస్తే మంచిది. వాడిన కుషన్లు మాత్రం వెనక్కి తీసుకోలేం. ఇంకొకరి అమ్మకి అవి ఇవ్వలేం కదా.

దూరాన ఉన్న పిల్లలు ఇంట్లో ఎవరితోనైనా ఈ వివరాలు ముందే పంపిస్తే మా పని సగం తేలికవుతుంది. పెద్దాయన్నో పెద్దావిడనో మెత్తటి పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద, ఒకరు పట్టుకుని కూర్చోబెట్టండి. తుంటి వెడల్పు, పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక దాకా పొడవు, మడమ నుంచి మోకాలి వెనక దాకా ఎత్తు టేపుతో చూడండి. ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటుంటే వేసుకునే కొలవాలి. పక్క నుంచి ఒక ఫొటో, ఎదురు నుంచి ఒక ఫొటో తీయండి. బాత్రూం తలుపు వెడల్పు, అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్ తలుపు వెడల్పు కూడా రాసి పంపండి. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపు మంగళవారాలు వస్తున్నాం. మధురవాడ, భీమిలి వైపు శుక్రవారాలు. మిగతా ఊరంతా మిగిలిన రోజుల్లో, ఆదివారం తప్ప.