ఆ అడవి చావలేదు

సంపాదకుడు గారికి,

గత ఆదివారం సంచికలో వేసిన జర్మనీ ఫొటో కింద 'ఎండలకు చచ్చిపోయిన అడవి' అని రాశారు. అది బవేరియన్ ఫారెస్ట్ జాతీయ పార్కులోని లూజెన్ కొండ. మ్యూనిక్‌లో ఉంటున్న నేను ఏటా ఆ కొండ ఎక్కుతాను కనుక చూడగానే పోల్చుకున్నాను.

1970లో మొదలైన ఆ పార్కు జర్మనీలో మొట్టమొదటిది. 1983లో పెద్ద గాలివానకు అక్కడ చెట్లు గుట్టలుగా కూలాయి. మామూలుగా అయితే కోసి అమ్మేసేవారు. అప్పటి బవేరియా రాష్ట్ర మంత్రి హాన్స్ ఐజెన్‌మాన్ మాత్రం లోపలి అడవిలో పడ్డవాటిని పడ్డట్టే ఉండనివ్వమన్నారు. వాటిలో పెరిగిన బెరడు పురుగు తర్వాత నిలబడి ఉన్న స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే) చెట్లకూ పట్టింది. ఎండలు, కరువు దానికి కలిసొస్తాయి, కాదనను. 1990లలో కొండ కొండంతా మోడుబారిపోతుంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మండిపడ్డారు. వాళ్ల సొంత అడవులకు పాకకుండా పార్కు అంచుల్లో పురుగు పట్టిన చెట్లను ఇప్పటికీ కొట్టేస్తారు. లోపల మాత్రం గొడ్డలి పెట్టరు.

రాజమండ్రిలో కలప అడితి నడిపిన మా మామయ్య గారిని నిరుడు అక్కడికి తీసుకెళ్లాను. "ఇంత కలప మట్టిపాలు చేస్తున్నారేమిటమ్మా!" అని ఆయన దారి పొడుగునా బాధపడ్డారు. ఒక దుంగ మీది బెరడు ఊడదీసి చూపించాను. మధ్యలో ఒక గాడి, దానికి అటూ ఇటూ సన్నటి గీతలు, అచ్చు పుస్తకంలో పేజీలా. ఈ పురుగును జర్మన్లు 'బుఖ్‌డ్రుకర్' అంటారు, అంటే పుస్తకాలు అచ్చువేసేవాడు. అదే దుంగ పైభాగాన, పుచ్చిపోయి నాచు పట్టిన చోట, వేలెడు స్ప్రూస్ మొలకలు వరసగా నిలబడి ఉన్నాయి. మామయ్య గారు వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టి పదకొండు దగ్గర ఆపేశారు. ఆ తర్వాత కలప మాట ఎత్తలేదు.

ప్రతిచోటా ఇలా వదిలేయాలని నేననడం లేదు. ఉత్తర జర్మనీలోని లూనెబుర్గ్ హీత్‌లో గొర్రెలను మేపకపోతే ఆ ఊదా పూల బయలును చెట్లు కమ్మేస్తాయి. లూజెన్ సంగతి వేరు. అక్కడ ఎవరూ నాటకుండానే అడవి మళ్లీ లేచింది.

మీరు వేసిన ఫొటోలో మోడులన్నీ నిటారుగా ఉన్నాయి కనుక అది ఏళ్ల నాటిదే అయి ఉంటుంది. కావాలంటే అదే చోట ఈ జూన్‌లో నేను తీసిన ఫొటో పంపుతాను. అందులో మోడులను వెతుక్కోవాలి.

– ఒక పాఠకురాలు, మ్యూనిక్