చిన్నాకి, ఆ పాత సిస్టమ్ గురించి

నాన్నా చిన్నా,

మన పాత కంప్యూటర్లో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయిందని నువ్వు పంపిన స్క్రీన్ ఫోటో చూశాను. ముందు ఒక్క మాట విను, ఇన్‌స్టాలేషన్ మళ్ళీ మొదలుపెట్టకు. సిస్టమ్ ఆపేసి, ఇదంతా చదివాకే ఆన్ చెయ్యి. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం క్లాసుకి టైమైపోయిందంటావు, అందుకే రాస్తున్నాను.

విండోస్ 11 ఎందుకు ఎక్కలేదో బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, 4 జీబీ ర్యామ్ కావాలి, 24హెచ్2 వెర్షన్ నుంచైతే ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాల సెట్ లేకపోతే అసలు బూటే అవదు, మన పాత కోర్ 2 డ్యుయో ప్రాసెసర్లో అది లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. కాబట్టి లినక్స్ మింట్లో తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్ళడం మంచి ఆలోచనే. 2 జీబీతో నడుస్తుంది, మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

కానీ సగంలో ఆగి 'ఎర్నో 5, ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అని వచ్చిందంటే తప్పు మింట్‌ది కాదు. చదవాల్సింది చదవలేకపోయింది, లేదా రాయాల్సింది రాయలేకపోయింది. చదివేది పెన్ డ్రైవ్ నుంచి, రాసేది హార్డ్ డిస్క్ మీద, మధ్యలో ర్యామ్, కేబుల్. నాకు డిస్క్ మీదే అనుమానం, ఎందుకంటే ఆగే ముందు టక్ టక్ మని చప్పుడొస్తోందని నువ్వే రాశావు. పోతున్న డిస్క్ మీద మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తుంటే మిగిలింది కూడా పోతుంది.

అందులో ఏముందో నీకు పూర్తిగా తెలియదు. డీ డ్రైవ్‌లో మన షాపు పాత పనులన్నీ ఉన్నాయి, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా వేసిన పెళ్ళి కార్డుల పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఇప్పటికీ పర్లాకిమిడిలో ఎవరో ఒకరు వచ్చి మా పెద్దమ్మాయి కార్డులాగే చిన్నదానికీ చెయ్యండమ్మా అంటుంటారు. ఇంకా తాతయ్య స్కాన్ చేయించిన భూమి కాగితాలు, పాతపట్నం వైపు పొలానివి తెలుగులో, ఇటు వైపువి ఒడియాలో. నువ్వు 'ఎరేజ్ డిస్క్' కాకుండా 'సంథింగ్ ఎల్స్' ఎంచుకుని సీ డ్రైవ్ ఉన్న చోటే మింట్ పెట్టావు, చాలా మంచి పని చేశావు నాన్నా, డీ ఇంకా ఉంది. సీతో పాటు పోయిన అను తెలుగు ఫాంట్లు, ఆకృతి ఒడియా ఫాంట్లు నా దగ్గర సీడీలో ఉన్నాయి, వాటి గురించి టెన్షన్ వద్దు. ఆ ఫాంట్లు లేకుండా ఆ ఫైళ్ళు తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, చూసి ఫైల్ పాడైందనుకుని డిలీట్ చెయ్యకు.

మింట్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ ఐకాన్ జోలికి వెళ్ళకుండా, డీ తెరిచి ముందు భూమి కాగితాల ఫోల్డర్, తర్వాత పెళ్ళి కార్డులు, నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యి. సినిమాలూ పాటలూ వదిలెయ్. ఏదైనా ఫైల్ దగ్గర ఇరుక్కుంటే పట్టుబట్టి కూర్చోకు, దాన్ని వదిలి తర్వాతది తీసుకో.

కాపీ అయ్యాకే పరీక్ష. డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి స్మార్ట్ డేటా, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, చూడు. 5వ నంబర్ రీఅలొకేటెడ్ సెక్టార్ (పాడై పక్కన పెట్టిన చోట్లు), 197వ నంబర్ కరెంట్ పెండింగ్ సెక్టార్ (చదవలేక అనుమానంలో ఉన్న చోట్లు), ఈ రెండింటిలో సున్నా కాకుండా పెద్ద అంకె ఉంటే డిస్క్ పని అయిపోయినట్టే. 199వ నంబర్ (దారిలో డేటా పాడైన లెక్క) మాత్రమే పెరుగుతుంటే తప్పు డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది, కేబుల్ మార్చి చూడు. ఇది చూడకుండా డిస్క్ పారేసేవాళ్ళని చాలామందిని చూశాను, నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

డిస్క్ బాగుంటే పెన్ డ్రైవ్. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైల్‌కి షా256 (ఫైల్ పాడవకుండా వచ్చిందో చెప్పే కోడ్) మింట్ సైట్లో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో చూసి, వేరే పెన్ డ్రైవ్‌లో రాయి. అప్పటికీ అదే ఎర్రర్ వస్తే ర్యామ్. రెండు ముక్కల్లో ఒకటి తీసి పక్కన పెట్టి, రెండోదాని బంగారు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టి, మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ రాత్రంతా నడవనీ. ఒక్క ఎర్ర లైన్ వచ్చినా ఆ ముక్క పనికిరాదు. ఒకేసారి రెండు మార్చకు, బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు.

తేదీ 2009కి వెళ్ళిపోతోందన్నావు కదా, అది వేరే సంగతి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. రాత్రి స్విచ్ బోర్డు దగ్గర ఆపేస్తే బయోస్ (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు కూడా పోతాయి, తేదీ తప్పుంటే వెబ్‌సైట్లూ సరిగా తెరుచుకోవు. గుణుపూర్‌లో వాచీల కొట్లో దొరుకుతుంది, కొని వెయ్యి.

డిస్క్ పోయిందని తేలితే దాన్ని అక్కడ ఎవరికీ ఇవ్వకు. ఆదివారం మావయ్య ప్యాసింజర్‌లో అటు వస్తున్నాడు, చిన్న ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్క్) ఒకటి పంపిస్తాను, పాత బోర్డులో కూడా అదే సాటా కేబుల్‌కి తగులుతుంది. పాత డిస్క్‌ని మావయ్య చేతికిచ్చెయ్, కాపీ కానివి ఏమైనా ఉంటే ఇక్కడ తీసుకుంటాను. స్మార్ట్ డేటా ఫోటో ఈ రాత్రికే పంపు, దాన్ని బట్టి ఎస్ఎస్‌డీ కొనాలో కేబుల్ పంపాలో చూస్తాను. వేళకి అన్నం తిను.

మీ అమ్మ